ఎన్ఏడీలో దిగాల్సినదాన్ని, మేడం కథ వెంట వన్ టౌన్ వెళ్లాను

ముందుగా చదివేవాళ్లు నన్ను మన్నించాలి. నేను ఏడో తరగతి వరకే చదువుకున్నాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పాయో నాకే తెలియదు. చేతిరాత సంగతి చెప్పనే అక్కర్లేదు, కోడి గీతలే. ఈ బ్లాగు నడిపే శిరీష, "నువ్వు కాగితం మీద రాసిచ్చెయ్ వదినా, తప్పులు నేను దిద్దుకుని టైపు చేస్తాను" అని వెంటపడితే ధైర్యం చేశాను. స్టీల్ ప్లాంట్ వైపు నుంచి మొదటిసారి ఒంటరిగా బస్సెక్కి సింహాచలం వెళ్దామనుకునే నాలాంటి ఆడవాళ్లకు ఇది పనికొస్తుందని తను అంది. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను సింహాచలం చేరనే లేదు. దారి మాత్రం బాగా తెలిసింది.

మాది కోనసీమ. మా వారికి స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని దొరికాక కూర్మన్నపాలెంలో రెండు గదుల వాటా తీసుకున్నాం. ఉద్యోగం నిలబడితే సింహాచలం అప్పన్న స్వామికి కొబ్బరికాయ కొట్టిస్తానని మా అత్తగారు ఊళ్లోనే మొక్కుకున్నారు. మా వారి షిఫ్టులు ఎప్పుడూ ఒకలా ఉండవు. సెలవు దొరికిన రోజు నిద్రకే సరిపోతుంది. అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా "మొక్కు సంగతేం చేశార్రా" అని అడగడం, ఈయన నసగడం. చివరికి ఒక శుక్రవారం రాత్రి ఆయనే అన్నారు: "నువ్వే వెళ్లి రా. ఎన్నాళ్లని నా వెనకాల నడుస్తావు?" నేను రెండేళ్లలో వీధి చివర కూరగాయల బండి దాటి ఒంటరిగా వెళ్లలేదు. కొత్తవాళ్లు పేరు అడిగినా నా గొంతు లోపలే ఉండిపోతుంది. అయినా సరేనన్నాను.

మర్నాడు పొద్దున్న ఏడున్నర ప్రాంతంలో కూర్మన్నపాలెం జంక్షన్‌లో సిటీ బస్సు ఎక్కాను. ఇక్కడి నుంచి సింహాచలం వెళ్లాలంటే తేలికైన దారి ఇది: గాజువాక, షీలానగర్, ఎయిర్‌పోర్టు దాటి ఎన్ఏడీ కొత్త రోడ్డులో దిగాలి. అక్కడ గోపాలపట్నం మీదుగా సింహాచలం వెళ్లే బస్సు మారాలి. ఎన్ఏడీకి ముప్పావు గంట పడుతుంది, గాజువాకలో రద్దీ ఉంటే ఇంకాస్త. ఆడవాళ్లకు సిటీ బస్సుల్లో డబ్బులు తీసుకోవడం లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు, సున్నా టికెట్టు ఇస్తారు. కార్డు మాత్రం చేతికందేలా పెట్టుకోండి. నేను కొబ్బరికాయల సంచిలో అడుగున పెట్టి, కండక్టర్ నిలబడి ఉండగా అన్నీ బయటికి తీశాను.

"కంగారేటమ్మా, బస్సేటి పారిపోతాదా?" అన్నాడు కండక్టర్. చుట్టూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

నా పక్కన కిటికీ దగ్గర అరవైకి దగ్గరున్న ఆవిడ కూర్చుని ఉంది. నేత చీర, తెల్లటి జుట్టు ముడి, ఒళ్లో గుడ్డ సంచి. నా కొబ్బరికాయ ఒకటి దొర్లిపోతే పట్టుకుని ఇచ్చింది.

"ఎక్కడ దిగుతావమ్మా?"

"ఎన్ఏడీలోనండి."

"దూరమే. నీకు ఒక కథ చెప్పనా? పొద్దుపోతాది."

పెద్దావిడ అడిగితే వద్దని ఎలా అంటాం? తలూపాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. వన్ టౌన్‌లో ఒక తాతగారు. ఆయనకు బెల్లం వ్యాపారం. ఇద్దరు కొడుకులు. ఎవరికి ఎంత వాటా, ఏ గుమాస్తా ఎవరి పక్షం, కోర్టులో ఎవరేమన్నారు... గాజువాక వచ్చింది, తాతగారు ఇంకా బతికే ఉన్నారు. షీలానగర్ దగ్గర ఆయన పోయారు గానీ వీలునామా మిగిలింది. ఎయిర్‌పోర్టు దాటేటప్పటికి అన్నదమ్ములు ఇంటి మధ్యలో గోడ కట్టుకున్నారు. ఎన్ఏడీ ఫ్లైఓవర్ కనిపించింది. కొబ్బరికాయల సంచి దగ్గరికి లాక్కున్నాను.

"ఎన్ఏడీ, ఎన్ఏడీ! సింహాచలం, గోపాలపట్నం ఎల్లేవోలు బేగి దిగండి!"

నేను సగం లేచాను. ఆవిడ చెయ్యి నా మణికట్టు వదల్లేదు. కళ్లు తెరవలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో లేవడం అనేది లేదు. "దిగాలండి" అన్న మాట నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. బస్సు కదిలింది. నేను కూర్చుండిపోయాను. మర్రిపాలెం బోర్డు చూసి, ఇంక ఈ ఊళ్లో నేను ఏమైపోతానో అనుకున్నాను.

అప్పుడు కథలోకి ఆ గోడ పక్కకి ఒక కొత్త కోడలు వచ్చింది. వంట రాదు, అడగడానికి ఎవరూ లేరు. గోడ అవతల వంటింట్లో ఎవరో ఒకావిడ ఉంది. ఆ ఇంటితో ఈ ఇంటికి మాటల్లేవు కాబట్టి ఆవిడ ముఖం ఈ పిల్ల ఎప్పుడూ చూడలేదు. అవతల కుక్కర్ ఎన్ని కూతలు వేస్తే ఇవతల కూడా అన్ని కూతలకే దించుతుంది. అవతల తిరగమోత చిటపటలు విని ఇవతల మూకుడు పెడుతుంది. ఒక రోజు అప్పడాల కర్రతో గోడ మీద రెండుసార్లు కొట్టింది. కాసేపటికి అవతలి నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే రెండు దెబ్బలు, రెండు దెబ్బలు. అదే వాళ్ల పలకరింపు. ఒక పొద్దున్న ఇవతల కొడితే అవతల చప్పుడు లేదు. కుక్కర్ కూత లేదు. మర్నాడూ లేదు. ఆ పిల్ల చెంగు బిగించి, సందు చుట్టూ తిరిగి, తమ ఇంట్లో ఎవరూ తొక్కని ఆ గుమ్మం ముందు నిలబడి తలుపు కొట్టింది.

"ఓలమ్మో, మద్దిలపాలెం! నీ ఎన్ఏడీ ఏటయ్యింది?" అంది ఆవిడ, ఒక్కసారి కళ్లు తెరిచి.

"దాటిపోయిందండి."

ఆవిడ ముఖం చూడాల్సింది. పండక్కి కొత్త గౌను కొనిచ్చిన పిల్లలా వెలిగిపోయింది. "దాటిపోయిందా! దాటిపోయింది!" అని బస్సు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది.

"ఏటి మేడమ్మా, స్టాపు దాటిపోతే ఏడుస్తారు గానీ సంబరమేటి?" అన్నాడు కండక్టర్.

మా క్లాసు చూసి వెళ్దువు గాని రమ్మని నన్నూ బస్సు దింపి, అక్కడి నుంచి యూనివర్సిటీకి నడుస్తూ విషయం చెప్పింది. ఆవిడ పేరు అప్పలరత్నం. సినిమాకి స్క్రీన్‌ప్లే ఎలా రాయాలో యూనివర్సిటీలో పాఠం చెబుతుంది, సినిమాలు కూడా తీసింది. ఆవిడ దగ్గర చదివేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. కథ రాసి చూపిస్తే ఆవిడ చదవదు. సిటీ బస్సెక్కి పక్క సీటువాళ్లకు నోటితో చెప్పాలి. ముందే వాళ్లు ఎక్కడ దిగుతారో అడగాలి. కథ మధ్యలో వాళ్లు లేచి దిగిపోతే కాగితాలు చింపేసి మళ్లీ రాయాలి. స్టాపు దాటిపోతే కెమెరా చేతికిస్తుంది. పాతికేళ్లుగా ఇదే పరీక్ష. తన సొంత కథను మాత్రం ఈ రోజే మొదటిసారి బస్సెక్కించింది. దూరం వెళ్లే మనిషి కావాలని తెల్లవారకుండానే కూర్మన్నపాలెం వచ్చేసిందట.

నేను స్టాపు చూశానని అప్పుడే చెప్పాల్సింది. ఆవిడ అంత ఆనందంలో ఉంటే నా నోరు పెగల్లేదు.

మా వారికి ఫోన్ చేశాను. తిడతారనుకుంటే నవ్వారు. "అప్పన్న ఎక్కడికీ పోడులే. మేడం గారు అంత మంచిగా పిలుస్తుంటే చూసి రా, చీకటి పడకుండా వచ్చెయ్" అన్నారు.

యూనివర్సిటీ కాంటీన్‌లో ఇడ్లీ, టీ కలిపి యాభై లోపే. చెట్ల కింద బెంచీలు, చల్లగా ఉంటుంది. అక్కడే శిరీష వచ్చింది. మేడం దగ్గర రెండో సంవత్సరం చదువుతోంది, సన్నగా గలగలా మాట్లాడే పిల్ల. వచ్చీ రాగానే నన్ను వదినా అంది. మేడం చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు తనే చెప్పింది: మేడం నాన్న రేవులో బస్తాలు మోసేవారు. మేడం ఇక్కడే నాటకాలు చదువుకుని, హైదరాబాద్ వెళ్లి కొన్నేళ్లు వేరేవాళ్ల సినిమాలకు మాటలు రాసింది. అప్పలరత్నం అన్న పేరు తెర మీద బాగుండదు, మార్చుకోమన్నారట. మార్చుకోనంది, పేరు వెయ్యలేదు. తిరిగి వచ్చేసి పాఠాలు మొదలుపెట్టింది. సెలవుల్లో విద్యార్థులే కెమెరా, విద్యార్థులే లైట్లుగా మూడు చిన్న సినిమాలు తీసింది. మొదటి రెండిటినీ నలుగురూ మెచ్చుకున్నారు. మూడోది వేస్తే సగం మంది లేచి వెళ్లిపోయారు. ఆ తరవాత చాలా ఏళ్లు కెమెరా ముట్టుకోలేదు.

"వచ్చే ఏడాది రిటైర్మెంటు. ఇది తియ్యకపోతే ఇంక తియ్యదు వదినా, నాకు తెలుసు. ఈ రోజు స్టాపు దాటకపోయుంటే మానేద్దామనే అనుకుంది. నువ్వు దేవతలా వచ్చావు" అంది శిరీష.

సగం ఇడ్లీ ప్లేటులోనే వదిలేశాను.

పది గంటలకు క్లాసులోకి తీసుకెళ్లింది. ఇరవై మంది పిల్లలు ఉంటారు. "ఎన్ఏడీలో దిగాల్సిన మనిషి మద్దిలపాలెంలో దిగింది!" అని నన్ను ముందు నిలబెట్టింది. పిల్లలు బల్లలు చరిచారు. ఒకడు "మేడం, ఆవిడకి ఎన్ఏడీ ఎక్కడుందో తెలుసా అసలు?" అంటే అందరూ నవ్వారు. మేడం వాడి నెత్తి మీద సుద్దముక్క విసిరింది. "నీ కథ విని బస్సులో నిద్రపోయారు, నువ్వు మాటాడకు!" నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను గానీ లోపల ముల్లు గుచ్చుకుంటోంది.

పాఠం అయ్యాక మేడం, శిరీష, నేను ఆటోలో వన్ టౌన్ బయల్దేరాం. మనిషికి యాభై పడింది. షేర్ ఆటోలు మారుతూ వెళ్తే ఇంకా తక్కువవుతుంది. పాత వీధుల్లో లోపలికి ఆటో దూరదు, దిగి నడవాల్సిందే. రెండు పక్కలా హోల్‌సేల్ కొట్లు, ఎండుమిర్చి ఘాటుకు ముగ్గురం వరసగా తుమ్మాం. మధ్యాహ్నం ఒక మెస్‌లో భోజనం చేశాం. చేపల పులుసుతో నూట ఇరవై. మేం ఇంట్లో తినేదాని కన్నా కారం ఎక్కువ, అన్నం అడిగినంత పెడతారు. వడ్డించే ఆవిడ నా విస్తరి చూసి "ఏటమ్మా, పిట్టలాగ తింతన్నావ్, పులుసు పొయ్యనా?" అని, నేను చెప్పేలోపే పోసేసింది.

భోజనం తరవాత మేడం సినిమా తియ్యాలనుకున్న ఇంటికి వెళ్లాం. పెంకుటిల్లు, వెడల్పాటి అరుగు, లోపల వంటింట్లో మధ్యగోడ. ఇంటాయన పెద్దవయసు మనిషి, లుంగీ పైకి కట్టుకుని వచ్చాడు. సెలవుల్లో షూటింగుకి ఇల్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. మేడం సంచిలోంచి కవరు తీసింది.

"అడ్వాన్సు తీసుకున్నాక మల్లీ వద్దంటే తిరిగివ్వను మేడం. నాను ముందే సెప్తన్నాను" అన్నాడాయన.

"వద్దనే పని లేదు బాబూ. స్టాపు దాటిపోయింది కదా!" అంది మేడం నా వైపు చూసి నవ్వుతూ.

కవరు ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, గొంతు వచ్చింది. "ఆగండి" అన్నాను. నేను అంత గట్టిగా అనడం నేనే ఎప్పుడూ వినలేదు. ముగ్గురూ నా వైపు తిరిగారు.

"నేను ఎన్ఏడీ చూశానండి. దిగాలనే లేచాను. మీరు చెయ్యి పట్టుకుని చెబుతుంటే... పెద్దవాళ్లు కదా, ఆపమనడానికి సిగ్గేసింది. కథ కోసం ఉండిపోలేదండి. మొహమాటానికి ఉండిపోయాను."

"ఏంటి వదినా, ఇప్పుడా చెప్పడం!" అంది శిరీష.

మేడం కవరు సంచిలో పెట్టేసి అరుగు మీద కూర్చుంది. ఆవిడ కోప్పడితే బాగుండేది. సంచి పక్కన పెట్టి, నన్ను దగ్గరికి రమ్మని అడిగింది.

"ఎక్కడి దాకా చూశావు?"

"ఎన్ఏడీ చూశాను. మర్రిపాలెం బోర్డు చూశాను. ఆ పిల్ల కుక్కర్ కూతలు లెక్కపెట్టడం మొదలయ్యాక ఏమీ చూడలేదండి. మద్దిలపాలెం అని మీరంటేనే తెలిసింది. ఆవిడ తలుపు తీసిందా లేదా అని పొద్దున్నుంచీ అడుగుదామనుకుంటున్నాను."

"మరి తాతగారు?"

"తాతగారు... మంచాయనేనండి," అని ఆగిపోయాను. "కానీ చాలాసేపు ఉన్నారండి."

ముందు శిరీష పగలబడి నవ్వింది. తరవాత మేడం. కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. "పాతికేళ్లుగా పిల్లల కథల్లోంచి తాతల్ని గెంటేస్తన్నాను. నా తాతని మాత్రం కూకోబెట్టి మేపుతన్నాను!" ఇంటాయనకు ఏమీ అర్థం కాలేదు. "ఎవరి తాత పోయాడు?" అని అడిగాడు.

నవ్వు ఆగాక మేడం లేచింది. "కథ కాదమ్మా నిన్ను ఆపింది, నా తెల్ల జుట్టు. నాను ఎవరికి చెప్పినా మర్యాదకి వింటారు. అది పరీక్ష కాదు. మర్యాద ఇవ్వక్కర్లేని మనిషి చెప్పాలి." నా వైపు చూసింది. "నువ్వు చెప్పు. వెళ్లేటప్పుడు, బస్సులో. గోడ చప్పుడు కాడ నుంచి. విన్నవాళ్లు మధ్యలో దిగిపోయారంటే మానేస్తాను, నీ మీద ఒట్టు."

నేను వద్దన్నాను. ఏడుపు మొహం పెట్టాను. భయమేసిన పని తప్పించుకోవడం నాకు బాగా వచ్చు, కానీ ఆవిడ ముఖంలో నవ్వు కింద భయం కనిపించింది. ఆ భయం నాకు తెలిసినదే.

ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వచ్చి, కంచరపాలెం మీదుగా కూర్మన్నపాలెం వెళ్లే బస్సు ఎక్కాం. నాలుగు దాటింది. వాళ్లిద్దరూ వెనక సీటులో, ఎరగనట్టు. నా పక్కన ఒక నడివయసు ఆవిడ కూర్చుంది. కాళ్ల దగ్గర గంప, అందులో అమ్మగా మిగిలిన కరివేపాకు, నిమ్మకాయలు. ఎక్కడ దిగుతారని అడగడానికి నాకు రెండు స్టాపులు పట్టింది.

"కంచరపాలెం మెట్ట. ఏల?"

"ఏం లేదండి. ఒక కథ చెప్పనా?"

నన్ను పైకీ కిందకీ చూసింది. "కతా? నాకేటి నిద్దరొత్తాదా, జోల పాడతావా? సరే, సెప్పు గుంటా" అంది, చిన్నపిల్లని పిలిచినట్టు.

చెప్పాను. మొదట నా గొంతు నాకే వినపడలేదు. "గట్టిగా సెప్పవే, ఇంజను నువ్వు ఒకేసారి మాటాడతన్నారు" అంది. గట్టిగా చెప్పాను. కుక్కర్ కూతల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గంప మీద చెయ్యి ఆగిపోయింది. అప్పడాల కర్రతో కొట్టడం చెబుతూ ముందు సీటు కడ్డీ మీద నేను రెండుసార్లు కొట్టాను. ముందు సీట్లో ఇద్దరు తిరిగి చూశారు. నాకు సిగ్గు వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఇప్పటికీ తెలియదు. అవతల చప్పుడు ఆగిపోయిందని చెప్పి, పిల్లను సందులోకి నడిపించి, గుమ్మం ముందు నిలబెట్టాను.

"కంచరపాలెం మెట్ట!" అని అరిచాడు కండక్టర్.

ఆవిడ లేచింది. గంప ఎత్తుకుంది. దిగిపోయింది. నేను వెనక్కి తిరిగి మేడం వైపు చూడలేకపోయాను. ఒక సినిమా నా వల్ల పోయిందనుకున్నాను.

కిటికీ కడ్డీల మీద దబదబా చప్పుడు. గంప నెత్తిన పెట్టుకుని ఆవిడ కింద నుంచి కొడుతోంది.

"ఏటే, ఎల్లిపోతన్నావ్! ఆవిడ తలుపు తీసిందా లేదా? సెప్పి ఎల్లు!"

నాకు తెలియదు. మేడం నాకు చివర చెప్పనే లేదు. "డ్రైవరన్నా, ఆపు, ఆపు," అన్నాడు కండక్టర్, విజిల్ చేతిలోనే ఉంచుకుని. "సెప్పమ్మా, నాను కూడా కత ఇంతన్నాను." ముందు సీటువాళ్లు, డ్రైవరూ, అందరూ నా వైపే చూస్తున్నారు. వెనక బస్సు హారన్ కొడుతోంది. నేను వెనక్కి తిరిగాను.

మేడం సీటులోంచి లేచి నిలబడి ఉంది. కిటికీలోంచి కిందున్న ఆవిడ ముఖాన్నే చూస్తోంది. తరవాత బస్సంతా వినిపించేలా అరిచింది:

"తీసిందమ్మా! తీసింది! జొరం వచ్చి లెగలేకపోయింది. గోడ పట్టుకుని లెగిసి వచ్చి తీసింది!"

"హమ్మ! పోన్లే, బతికుంది," అంది కింద ఆవిడ. గంప సర్దుకుని వెళ్లిపోయింది. కండక్టర్ "రైట్ రైట్" అన్నాడు. బస్సులో ఎవరో చప్పట్లు కొట్టారు.

శిరీష మేడం చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. "మేడం, స్క్రిప్టులో తలుపుకి తాళం ఉంది కదా! ఆవిడ ఎప్పుడో చచ్చిపోయింది కదా!"

"నిన్నటి దాకా అంతే," అంది మేడం, పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ. "అలా గంప నెత్తినెట్టుకుని అడుగుతుంటే తాళం ఎలా ఎయ్యమంటావు?"

ఎన్ఏడీలో వాళ్లిద్దరూ దిగిపోయారు, తిరిగి వన్ టౌన్ వెళ్లి ఇంటాయనకు కవరు ఇవ్వడానికి. రేపు ఇద్దాం అని శిరీష అంటే మేడం వినలేదు. రోడ్డు దాటుతూ చిన్నపిల్లలా నా వైపు తిరిగి చెయ్యి ఊపింది.

ఇంటికి వచ్చి కథ మొత్తం మా వారికి చెప్పాను. అన్నం చల్లారిపోయే దాకా విన్నారు. నేను చదువు లేనిదాన్ని, నాతో మాట్లాడటానికి ఎవరికి తీరిక ఉంటుందని అనుకునేదాన్ని. ఒక కరివేపాకు అమ్మే ఆవిడ, కండక్టర్, ముందు సీటువాళ్లు, అందరూ నా మాట కోసం ఒక నిమిషం బస్సు ఆపుకున్నారు. అది సినిమా కథ గొప్పతనమే, నాకు తెలుసు. కానీ చెప్పిన గొంతు నాది. ప్రయాణం అంటే చేరాల్సిన చోటు చేరడమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ రోజు ఎక్కడికీ చేరకుండానే కడుపు నిండింది. తరవాతి శనివారం మళ్లీ బయల్దేరి సింహాచలం వెళ్లాను, ఎవరి సాయం లేకుండా. కొండ కింద దిగితే పైకి దేవస్థానం బస్సులు ఉంటాయి. తొమ్మిది లోపు వెళ్తే క్యూ తక్కువ. మొక్కు తీరింది.

నాలా మొహమాటం ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఎన్ఏడీలో బస్సు మారాలంటే, సున్నా టికెట్టు తీసుకునేటప్పుడే "సింహాచలానికి మారాలి, ఎన్ఏడీ రాగానే పిలవండి" అని కండక్టర్‌కు చెప్పి, ముందు తలుపు దగ్గర సీటులో కూర్చోండి. మీరు లేవకపోతే ఆయనే లేపుతాడు.

శిరీషా, టైపు చెయ్యడం అయ్యాక ఈ కాగితాలు కాల్చెయ్యమ్మా. మా అత్తగారు వచ్చే నెల వస్తున్నారు. మొక్కు రోజు కొబ్బరికాయలు వన్ టౌన్ అంతా తిరిగాయని ఆవిడకి తెలియకూడదు.